గిటారును ఎప్పుడు తిట్టాలి, కొంగెప్పుడు కప్పుకోవాలి

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు క్యాథలిక్ కుటుంబాలకు అపార్ట్‌మెంట్ ఎక్కడ తీసుకోవాలో, సోనా మసూరి బస్తా ఎక్కడ చవకో చెప్పేవాళ్లు దండిగా ఉన్నారు. ఆదివారం పూజలో ఎవరిని చూసి ఎప్పుడు మొహం చిట్లించాలో చెప్పే నాథుడే లేడు. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా డాలస్ పక్కన కాపురముంటున్నాను. ఇప్పటికి మూడు విచారణలు మారాను. మూడు చోట్లా పూజ సరిగ్గా జరగడం లేదని విచారణ గురువుల మొహం మీదే చెప్పి వచ్చాను. ఆ అనుభవాన్ని నాలోనే దాచుకోవడం స్వార్థమనిపించి ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మూలసూత్రం పట్టుకోండి. సంప్రదాయమంటే మీకు పదేళ్లప్పుడు మీ ఊరి గుళ్లో జరిగింది. అంతకు ముందుదంతా మూఢత్వం, ఆ తర్వాతదంతా భ్రష్టత్వం. ఈ కొలబద్ద జేబులో ఉంటే చరిత్ర పుస్తకాలతో పని లేదు. నాకు పదేళ్లు నిండింది 1983లో. కాబట్టి తెలుగులో పూజ, నేల మీద చాపలు, ఆడవాళ్లొక పక్క మగవాళ్లొక పక్క, హార్మోనియం, డోలక్ ఇవన్నీ అపొస్తలుల నాటి నుంచి వస్తున్నవి. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగిందనీ, అంతకు ముందు మా ఊళ్లోనూ పూజ లాటిన్‌లోనే ఉండేదనీ, కొత్త పూజక్రమానికి రోమ్ పెట్టిన ముహూర్తం 1969 నవంబరు 30 అనీ ఎవరైనా లెక్కలు తీస్తారు. తీయనివ్వండి. ఆ లెక్కన నా సనాతన సంప్రదాయం వయసులో నాకంటే నాలుగేళ్లే పెద్దదని తేలుతుంది. తేలినా ఒప్పుకోకండి.

ఇక గిటారు. అమెరికన్ విచారణలో పెద్ద పూజకు ఒకాయన గిటారు వాయిస్తుంటాడు. మొదటి ఆదివారమే "ఇది పూజా, కచేరీనా?" అని పక్కవాళ్లకు వినబడేటట్టు అనాలి. తెలుగులో అనండి, క్షేమం. అదే వారం శనివారం సాయంత్రం మన తెలుగు పూజలో మన కుర్రాడు కీబోర్డు మీద బటన్ నొక్కి సినిమా దరువు మోగిస్తే కళ్లు మూసుకుని తలాడించండి. అది ఆరాధన.

ఈ గిటారు సంగతిలో నేను మొదట్లో ఒక పొరపాటు చేశాను. వాయించేది ఎవరో ఈ కాలపు చిల్లర కుర్రాడనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే డెబ్బై ఎనిమిదేళ్ల తాత. అమెరికాలో పూజలోకి గిటారు వచ్చింది 1960లలో. 1970లలో సెయింట్ లూయిస్ జెస్యూట్‌ల పాటలు దేశమంతా పాకాయి. ఈయన అప్పుడు కుర్రాడు. యాభై ఏళ్లకు పైగా అవే పాటలు వాయిస్తున్నాడు. ఆయన లెక్కలో గిటారే సంప్రదాయం. మరి ఆయన వాయిస్తుంటే ముందు వరసలో పాతికేళ్ల కుర్రాడొకడు కోటు, టై కట్టుకుని పళ్లు కొరుకుతుంటాడు. వాడికి లాటిన్ కావాలి, సాంబ్రాణి పొగ కావాలి, గురువు పీఠం వైపు తిరిగి పూజ చెప్పాలి. మన దేశంలో తాతలు సంప్రదాయమని, మనవలు స్వేచ్ఛ అని కొట్టుకుంటారు. ఇక్కడ తిరగేసి కొట్టుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరి పక్షం చేరాలో తెలియక తికమకపడతారు. నా సలహా: తాత దగ్గర తాతను, కుర్రాడి దగ్గర కుర్రాడిని మెచ్చుకోండి. తాత చేతిలో హాలు తాళాలుంటాయి. మన తెలుగు పూజకు ఆ హాలే గతి.

లాటిన్ పూజకు వెళ్లాలా వద్దా అని చాలామంది ఫోన్ చేసి అడుగుతుంటారు. ముందు ఏ పోప్ ఏమన్నాడో కంఠతా పట్టండి. 2007 జులైలో బెనెడిక్ట్ 16 తలుపు బార్లా తీశారు. 2021 జులైలో ఫ్రాన్సిస్ దాన్ని ఓరగా వేశారు. 2025లో షార్లెట్ మేత్రాసనంలో ఆ పూజను ఒక్క చాపెల్‌కు కుదించారు. అక్కడి మన తెలుగువాళ్లు కొందరు తమ ఊళ్లో ఇంత గొడవ జరుగుతున్న సంగతే తెలియకుండా పదిన్నర పూజకు వెళ్లి వస్తున్నారు. వాళ్లను చూసి నేర్చుకోకండి. గొడవలో లేనివాడికి కాఫీ దగ్గర మాట్లాడే విషయమే ఉండదు.

మా నాన్నగారు 2012లో ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ను ప్రత్యేకంగా లాటిన్ పూజకు తీసుకెళ్లాను. చిన్నప్పుడు ఆయన పీఠబాలుడు. యాభై ఏళ్ల తర్వాత కూడా మోకాళ్లూని, అర్థం తెలియని జవాబులన్నీ తడుముకోకుండా చెప్పేశారు. ఆయన కళ్లు చెమ్మగిల్లితే ఫోటో తీసి మా గ్రూపులో పెడదామని ఫోన్ సిద్ధంగా పట్టుకున్నాను. బయటికి వచ్చాక ఆయన అన్నదిదీ: "మా రోజుల్లో ఫాదర్ గారు పూజ చెప్పుకుంటుంటే జనం జపమాల చెప్పుకునేవాళ్లురా. వీళ్లేంటి, పుస్తకం తెరిచి మాట మాటా చూసుకుంటున్నారు? ఇదేం పద్ధతి?" అమెరికన్ల సంప్రదాయం మా నాన్నకు కొత్త పోకడగా కనబడింది. ఇలాంటి సాక్షులను పూజకు తీసుకెళ్లేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

కొంగు గురించి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. మా ఆవిడ ఊళ్లో గుడి మెట్టెక్కగానే కొంగు తల మీదికి లాక్కునేది. ఆలోచించి కాదు, చెప్పులు విడిచినంత అలవాటుగా. అమెరికా వచ్చిన మొదటి ఆదివారమే, నలుగురిలో వింతగా కనబడతామని నేనే దాన్ని మాన్పించాను. పంజాబీ డ్రెస్సు వేయించి చున్నీ కారులో పెట్టించాను. రెండు నెలల పాటు ఆమె చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లి, అక్కడేమీ దొరక్క వెనక్కి వచ్చేది. తర్వాత మానుకుంది. పదిహేనేళ్లయ్యాక మా విచారణలో ఇరవై, ఇరవై రెండేళ్ల తెల్ల అమ్మాయిలు నల్ల లేసు ముసుగులు వేసుకుని రావడం మొదలైంది. వాళ్లను చూసి మా అమ్మాయి, ఇక్కడే పుట్టింది, ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకుంది. ముప్ఫై డాలర్లు. తల మీద సవరించుకుంటూ "నాన్నా, ఇది మన ట్రెడిషన్, నీకు తెలుసా?" అని అడిగింది. వాళ్లమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు తగిన సలహా నా దగ్గర లేదు.

చట్టం మాటకొస్తే, 1917 నాటి శ్రీసభ చట్టంలో 1262వ నిబంధన ఆడవాళ్లు గుళ్లో తల కప్పుకోవాలంది. కొత్త చట్టంలో ఆ మాట లేదు. ఆ కొత్త చట్టం వచ్చింది 1983లో. అవును, నా సంప్రదాయం స్థిరపడిన సంవత్సరమే. మా ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, తెలిసినా కొంగు దిగేది కాదు. మీరు గుర్తుంచుకోవాల్సింది ఇంతే: కొంగయితే పల్లెటూరితనం, లేసయితే భక్తి. అనుమానం వస్తే ధర చూసుకోండి.

చెప్పుల విషయంలో వాదన వద్దు. జనవరిలో మంచు తొక్కుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పితే అషర్ పరిగెత్తుకొచ్చి మీకు ఒంట్లో బాగాలేదా అని అడుగుతాడు.

ఆరతి సంగతి వేరు. దీన్ని రెండు దేశాల్లో రెండు రకాలుగా వాడాలి. 1969 ఏప్రిల్ 25న రోమ్ మన బిషప్పులు అడిగిన పన్నెండు అంశాలకు ఒప్పుకుంది. చెప్పులు విడవడం, నేల మీద కూర్చుని పూజ చెప్పడం, పంచాంగ ప్రణామం, శాలువ, దీపం, ఆరతి అందులోవే. బెంగళూరులో ఫాదర్ అమలోర్పవదాస్ వీటిని ఊరూరికీ చేర్చాలని చూస్తే, మన పూజను హిందువుల పూజ చేసేస్తున్నారని ఎదురుతిరిగినవాళ్లు చాలామంది. మా పెదనాన్న ఒకసారి ఆరతి పళ్లెం చూసి గుళ్లోంచి లేచి వచ్చేశాడు. నేనూ ఆయన వెనకే వచ్చేశాను. అలాంటి నేను ఇక్కడ మా విచారణలో ఏటా జరిగే అంతర్జాతీయ పూజకు "మా ప్రాచీన తెలుగు సంప్రదాయం" అని చెప్పి పట్టుచీరల్లో ఆరుగురు ఆడపిల్లల చేత ఆరతి ఇప్పిస్తున్నాను. ఫిలిప్పీన్స్ వాళ్లు, మెక్సికో వాళ్లు ఫోటోలు తీసుకుంటారు. గిటారు తాతకైతే కళ్లనీళ్లు వచ్చాయి. ఆరతి ఊళ్లో అపచారం, అమెరికాలో వారసత్వం. ఇందులో వైరుధ్యం కనబడితే మీరింకా మానసికంగా ఇమిగ్రేషన్ దాటలేదన్నమాట.

గుణదల మాత్రం ఇక్కడికి తెచ్చే ప్రయత్నం చేయకండి. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా కొండ మీద తలనీలాలు, కొబ్బరికాయలు, కాలినడకన వచ్చే జనం, అదంతా విజయవాడలోనే బాగుంటుంది. వాషింగ్టన్‌లోని జాతీయ మరియమాత బసిలికాలో 1997 నుంచి వేళంగణి మాతకు ఒక ప్రార్థనా మందిరం ఉంది. భారతీయులందరూ వెళతారు, మీరూ వెళ్లండి. కొబ్బరికాయ మాత్రం చలువరాతి మీద కొట్టొద్దు.

పూజ మధ్యలో చేతులేం చేయాలన్నది పెద్ద చిక్కు. పరలోక జపం దగ్గర అమెరికన్లు ఒకరి చేతులొకరు పట్టుకుంటారు, కొన్నిచోట్ల నడిదారి దాటి మరీ గొలుసు కడతారు. పూజగ్రంథంలో ఎక్కడా లేని పని ఇది. మీకు పక్కన ఎవరున్నారో చూసుకుని సంప్రదాయవాది కావాలో ఉదారవాది కావాలో నిర్ణయించుకోండి. సమాధానం ఇచ్చుకునే చోట మనకు నమస్కారం ఉంది. ఎలా ఇచ్చుకోవాలో ఆయా దేశాల బిషప్పులే చూసుకోవచ్చని నియమం. 2014లో రోమ్ ఒక లేఖ కూడా పంపింది, ఈ సమయంలో గురువులు పీఠం వదిలి తిరగొద్దని, అక్కడ ప్రత్యేకంగా పాట పెట్టొద్దని. మా విచారణ గురువులు ఆ లేఖ చదివినట్టు లేదు, మూడో వరస దాకా వచ్చి కౌగిలించుకుంటారు. ఆయన నన్ను కౌగిలించుకున్న రోజు నేనా లేఖ సంగతి ఎత్తలేదు. నన్ను దాటి పక్కాయన దగ్గరికి వెళ్లిన రోజు ఈమెయిలు రాశాను.

దివ్య సత్ప్రసాదం చేతిలోనా, నాలుక మీదా? అమెరికాలో 1977 నుంచి చేతిలో తీసుకోవచ్చు. ఎలా తీసుకుంటారన్నది తీసుకునేవాడి ఇష్టం, ఇచ్చేవాడిది కాదు. అంటే ఎవరినీ తప్పుపట్టే వీల్లేదు. అంతటితో ఊరుకుంటే మనం వరసలో నిలబడి ఏం చేస్తాం? చూడండి. ఎవరు మోకరించారు, ఎవరు తల వంచలేదు, ఎవరు చూయింగ్ గమ్ నములుతూ వచ్చారు. నేను ఈ లెక్కలో ఎంత మునిగిపోతానంటే, నా వంతు వచ్చి వెళ్లిపోయిన సంగతి కుర్చీ దగ్గరకు తిరిగొచ్చాక గానీ తెలియదు.

పరగడుపు నియమం తేలిక. మా తాతగారి కాలంలో అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. 1957లో మూడు గంటలన్నారు, 1964లో గంటన్నారు. ఆ గంటను పూజ మొదలయ్యే వేళ నుంచి కాక సత్ప్రసాదం తీసుకునే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ప్రసంగం నిడివిని బట్టి కారులో కాఫీ ఎక్కడిదాకా తాగొచ్చో నేనొక పట్టిక వేసుకున్నాను. తపస్సు కాలపు శుక్రవారాలు ఇంకా తేలిక. మాంసం మానమన్నారు గానీ రొయ్యల వేపుడు, బొమ్మిడాయిల పులుసు, పీతల ఇగురు మానమనలేదు. ఇది మన కక్కుర్తి అనుకునేరు. మెక్‌డొనాల్డ్స్‌లో అమ్మే చేప శాండ్‌విచ్చి 1962లో సిన్సినాటిలో పుట్టిందే శుక్రవారం మాంసం తినని క్యాథలిక్కుల కోసం.

క్రిస్మస్ పూజకు మాత్రం కాస్త ముందు వెళ్లి మధ్యలో కూర్చోండి. ఒక వినోదం ఉంది. గురువుకు చెప్పే ఇంగ్లీషు జవాబు "మీతోనూ" అని నలభై ఏళ్లున్నది 2011 నవంబరు 27 నుంచి "మీ ఆత్మతోనూ" అయింది. ఏడాదికొకసారి వచ్చేవాళ్లు ఇప్పటికీ పాత జవాబే గట్టిగా చెప్పి నాలుక కరుచుకుంటారు. ఎవరెవరో గుర్తుపెట్టుకోండి, పండుగ విందులో పనికొస్తుంది.

మన మలయాళీ మిత్రులను చూసి అసూయపడకండి. 2001లోనే షికాగో కేంద్రంగా వాళ్లకు సొంత మేత్రాసనం వచ్చింది. మనం లాటిన్ రీతి వాళ్లం గనుక ఎక్కడి విచారణకు అక్కడ సర్దుకోవాలి. సొంత మేత్రాసనం ఉంటే సుఖమా అంటే అదీ లేదు. గురువు జనం వైపు తిరగాలా పీఠం వైపు తిరగాలా అన్న తగువు వాళ్ల ఎర్నాకుళంలో పోలీసుల దాకా వెళ్లి 2022లో బసిలికాకే తాళం పడింది.

మన తెలుగు గురువులు అమెరికాలో చాలామందే పనిచేస్తున్నారు. ఫాదర్ జోస్ కైమ్లెట్ 1984లో ఏలూరు మేత్రాసనంలో మొదలుపెట్టిన హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ సభ వాళ్లూ అందులో ఉన్నారు. చుట్టూ వందల మైళ్ల మొక్కజొన్న చేల మధ్య ఒకే గురువు మూడు గుళ్లు నడుపుకుంటూ, చలికాలం మంచులో కారు నడుపుకుంటూ వెళ్లి పూజ చెప్పి వస్తుంటారు. అమెరికన్లు ఆయన ఇంగ్లీషు అర్థం కాలేదంటారు. మీరు ఆయన తెలుగు పాడైపోయిందనండి. అమెరికన్లకు ఆయన మరీ గంభీరం, నవ్వించడు. మనకు ఆయన ప్రసంగంలో ఫుట్‌బాల్ జోకు వేశాడు కాబట్టి చెడిపోయాడు. ఇంటికి పిలవండి, గోంగూర మాంసం పెట్టండి, రెండో వడ్డనలో పూజ ఎలా చెప్పాలో నేర్పండి. ఆయన నోటి నిండా అన్నం ఉంటుంది గనుక ఎదురు చెప్పడు.

ఒక సంప్రదాయాన్ని మాత్రం నోటితో చెప్పకుండానే సముద్రం దాటించాలి. తెలుగు పూజ అయ్యాక బిర్యానీ ట్రేల దగ్గర కొత్త కుటుంబం కనబడగానే పేరు అడగండి. ఇక్కడ అందరం ఆంథోనీలం, మేరీలం, కాబట్టి పేరుతో తేలదు. ఇంటిపేరు అడగండి. దాంతోనూ తేలకపోతే ఊరు, ఊళ్లో గుడికి మీ ఇల్లు ఏ వైపు అని అడగండి. దాంతో తేలుతుంది. తేలిన తర్వాత ఎవరి టేబుల్ దగ్గర కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. లాటిన్ పోయింది, కొంగు పోయింది, చాపలు పోయాయి. ఇది మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది, కస్టమ్స్ వాళ్లు కూడా పట్టుకోలేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. మా వాట్సాప్ గ్రూపులో ఈ వార్త మొదటి సగం నలభైమంది పంచుకున్నారు. రెండో సగం ఒక్కాయన పెట్టాడు. దాని కింద చేతులు జోడించిన బొమ్మ ఒక్కటీ పడలేదు. నేనూ పెట్టలేదు.

పోయిన మార్చిలో మా అమ్మ వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్లు. నా సలహాల్లో ఒక్కటీ పాటించదు. ఏ పూజకు తీసుకెళ్లినా కొంగు కప్పుకుంటుంది, అవకాశం దొరికితే చెప్పులు కుర్చీ కిందికి విడుస్తుంది, సత్ప్రసాదం నాలుక మీదే తీసుకుంటుంది. పరలోక జపం దగ్గర పక్కనున్న మెక్సికో ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఈమె తెలుగులో, ఆమె స్పానిష్‌లో ఒకేసారి ముగిస్తారు. గిటారు మోగితే కాలు ఆడిస్తుంది. "అమ్మా, అది కచేరీ" అంటే "ఆయన బాగా వాయిస్తున్నాడు, నువ్వు ఊరుకో" అంది. కాఫీ దగ్గర డోనట్ తిని రెండోది నాప్‌కిన్‌లో చుట్టి మనవరాలి కోసం తెస్తుంది. కొత్తవాళ్లెవరైనా కనబడితే భోంచేశారా అని తప్ప ఇంకేమీ అడగదు. ఆమెను సరిదిద్దుదామంటే వీసా ఆరు నెలలే.

తెలుగు పూజ నెలలో మూడో శనివారం, సాయంత్రం అయిదింటికని పిలుస్తాం. అయిదున్నరకు మొదలవుతుంది గనుక మీరు ఆరింటికి రండి. కుర్చీలు మడతపెట్టే మనుషులే తక్కువగా ఉన్నారు. పోయిన నెల నూట ఇరవై కుర్చీలూ మా అమ్మ, ఆ గిటారు తాత కలిసి మడతపెట్టారు.